ఇంటర్వెల్‌కు ముందే చనిపోయిన పిల్ల

కోరుట్లలో ఇంటర్ చదివే రోజుల్లో మ్యాట్నీకి చూసిన ఒక సినిమా ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు. హత్య, పోలీసులు, పరిశోధన ఉన్న సినిమా. ఒక ఫ్యాక్టరీ యజమాని కొడుకు, ఆ బంగళా వాచ్‌మన్ కూతురు ప్రేమించుకుంటారు. ఇద్దరికీ రెండు పాటలుంటాయి. ఇంటర్వెల్‌కు ముందే ఆ పిల్ల బంగళా వెనక బావిలో శవమై తేలుతుంది. అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది. అందరూ హీరోనే చంపాడనుకుంటారు. ఒక ఇన్‌స్పెక్టర్ తెలివిగా వెతికి, చంపింది హీరో చిన్నాయన అని తేలుస్తాడు. చివరికి హీరో తన అంతస్తుకు తగిన అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు. చనిపోయిన పిల్ల ఫొటోకు ఇద్దరూ దండ వేసి దండం పెడతారు. అంతే.

నన్ను ఆ సినిమాకు రమ్మన్న అబ్బాయి బాల్కనీలో కూర్చున్నాడు. నేను కింద ఆడవాళ్ల బెంచీల మీద, హాస్టల్ స్నేహితురాలి పక్కన కూర్చున్నాను. కలిసి కూర్చుంటే ఎవరైనా చూస్తారని భయం. అదీగాక బాల్కనీలో కూర్చునే ధైర్యం నాకెక్కడిది? ఇంటర్వెల్‌లో లైట్లు వేసినప్పుడు తల తిప్పి పైకి చూశాను. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి అతను కిందికి చూస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బావి నీళ్ల మీద తేలిన ఆ పిల్ల జడ ఇంకా కళ్ల ముందే ఉంది.

అతను మా ఊరి పటేలు చిన్న కొడుకు. మాది కథలాపూర్ దగ్గర ఒక చిన్న ఊరు. మా బాపు పిల్లప్పటి నుంచీ వాళ్లింట్లో జీతగాడు. ఊళ్లోకి రైతుకూలీ సంఘం వచ్చి జీతగాళ్ల వెట్టి మాన్పించిన తర్వాత కూలికి పోతుండేవాడు. నన్ను కన్న అవ్వ బీడీలు చేసేది. మాకు గుంట భూమి కూడా లేదు. అన్నల, అంటే నక్సలైట్ల, బలం పెరిగిన కొద్దీ పటేలు కుటుంబం ఊరు విడిచి జగిత్యాలలో ఇల్లు కట్టుకుంది. చిన్న కొడుకు మాత్రం కోరుట్లలో గది తీసుకుని డిగ్రీ చదివేవాడు. నేను అదే ఊళ్లో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండేదాన్ని.

మా పరిచయం బస్సులో మొదలైంది. పండుగలకు, సెలవులకు ఇద్దరం అదే బస్సులో ఊరికి పోయేవాళ్లం. ఊరు దగ్గర పడితే అతను ముందుకు జరిగేవాడు, నేను వెనక్కి జరిగేదాన్ని. కోరుట్లలో దిగితే మాత్రం మాట్లాడుకునేవాళ్లం. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు.

మొదట్లో నేను ప్రతి మాట చివరా "పటేలా" అనేదాన్ని. అది నా నోటికి అలవాటు. పుట్టినప్పటి నుంచీ విన్నదే.

"నన్ను గట్ల పిలువకు," అన్నాడు ఒకరోజు.

"మరి ఏమనాలె?"

"పేరు వెట్టి పిలువు."

పేరు పెట్టి పిలవడం నా వల్ల కాలేదు. ఒక్కసారి ప్రయత్నించాను. నోట్లోంచి మళ్లీ పటేలా అనే వచ్చింది. ఆ తర్వాత ఏమీ అనకుండానే మాట్లాడాను. మాట చివర ఏదో తెగిపోయినట్టు ఉండేది, కానీ అలాగే అలవాటైంది. అతను నాకు పాత పుస్తకాలు తెచ్చేవాడు. నా ఇంగ్లీషు దిద్దేవాడు. అతనికి నేనేం ఇచ్చానో నాకు తెలియదు. నాతో మాట్లాడేటప్పుడు అతని ముఖం వెలిగేది. ఆ వయసులో నాకు అంత చాలు.

సినిమా అయిపోయాక బస్టాండు వెనక మిర్చి బండి దగ్గర కలిశాం. నా స్నేహితురాలు కొంచెం దూరంగా నిలబడింది. అతను చాలా హుషారుగా ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఎంత తెలివిగలవాడో, చిన్నాయన మీద తనకు ముందు నుంచే ఎట్లా అనుమానం వచ్చిందో చెబుతున్నాడు. నేను మిర్చి తుంచుకుంటూ నిలబడ్డాను.

"నచ్చలేదా?" అని అడిగాడు.

"ఆ పిల్ల బాపు ఏమైండు?"

"ఏ పిల్ల?"

"సచ్చిపోయిన పిల్ల. వాచ్‌మన్ బిడ్డ."

అతను ఆలోచించాడు. "శవాన్ని గుర్తువట్టెటప్పుడు అచ్చిండు గద."

"ఆఖర్ల గూడ అచ్చిండు. హీరో పెండ్లి కారు వోతాంటె గేటు తీసిండు. నువ్వు సూడలేదా?"

చూడలేదన్నాడు. నిజంగానే చూసి ఉండడు. తెరలో ఒక మూలన, కారు పక్కన, ఖాకీ చొక్కా వేసుకున్న ఒక మనిషి గేటు తీసి పక్కకు జరిగాడు. అంతసేపే ఉంది. నేను మాత్రం సినిమా అంతా ఆ మనిషి కోసమే వెతుకుతూ కూర్చున్నాను. కూతురు చనిపోయాక ఇంటికి పోయి ఏం చేశాడు, ఆమె తల్లి ఉందా లేదా, వాళ్లు ఆ బంగళాలో పని మానేశారా లేదా, ఇవేవీ సినిమాలో లేవు.

"హీరో ఎంత ఏడిసిండు ఆమె కోసం," అన్నాడతను.

"ఏడిసి పెండ్లి జేసుకున్నడు."

"అది సినిమా. నేను గట్ల జేస్తనా?"

నేను నవ్వాను. చెయ్యడనే నమ్మాను. అప్పుడతను కూడా నమ్మే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు మిర్చి బండి దగ్గర మమ్మల్ని మా ఊరి మనిషి ఒకడు చూశాడు. వారం తిరక్కముందే ముచ్చట జగిత్యాల చేరింది. పటేలు పంపిన మనిషి మా వాడకు వచ్చి మా ఇంటి ముందు నిలబడి బాపుతో, "నీ బిడ్డను సదువు మాన్పిచ్చి ఇంట్ల కూసోవెట్టు. పటేలు మంచిగ చెప్తుండు. మల్ల చెప్పడు," అన్నాడు. బాపు చేతులు కట్టుకుని విన్నాడు. ఆ మనిషి పోయాక నన్ను తిట్టలేదు, కొట్టలేదు. "ఏంది బిడ్డా గిది," అని మాత్రం అన్నాడు. అవ్వ చేటలో తునికాకు పక్కకు పెట్టి ముఖం కొంగుతో కప్పుకుంది.

మా మేనమామ సంఘంలో తిరిగేవాడు. అతనికి తెలిసి కోపంతో వచ్చాడు.

"వాన్ని ఇడిసిపెట్టేది లేదు. పంచాయితి వెట్టిస్త. అన్నలకు చెప్త," అన్నాడు.

"వద్దు మామా. నేనే మాట్లాడుకుంట," అన్నాను.

"నువ్వేం మాట్లాడుతవ్? గా ఇంట్ల ఆడివిల్లలను ఆగం జేసుడు ఇయ్యాల్టిదా? గిది నీ ఒక్కదాని ముచ్చట గాదు."

అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ఆ ఇంటి గురించి మా వాడలో చాలామంది ఆడవాళ్లకు చెప్పుకోలేని బాధలున్నాయి. కానీ నాది ఆ బాధ కాదని ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. "నాకు ఏ అన్యాయం జరగలేదు, నాకు అతనంటే ఇష్టం" అని మేనమామ ముందు, బాపు ముందు ఎట్లా అంటాను? నోరు తెరిచే లోపలే ముచ్చట నా చేతుల్లోంచి పోయింది.

ఊరి బయట మామిడితోటలో పంచాయితీ జరిగింది. పొద్దు గూకుతోంది. మా వాడ అంతా వచ్చింది. అన్నల దళం వాళ్లు ఆరేడుగురు ఉన్నారు. అందులో ఒక ఆమె నా పక్కన కూర్చుని, భుజాన ఉన్న తుపాకీని ఒళ్లో పెట్టుకుని, నాకు నీళ్లిచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. అక్కా అని పిలిచాను. కోరుట్ల నుంచి అతన్ని మేనమామ, ఇంకో ఇద్దరు తీసుకొచ్చారు. చెయ్యి పట్టుకుని తెచ్చారా, తనే నడిచి వచ్చాడా అని తర్వాత ఎంతమందిని అడిగినా తలా ఒక రకంగా చెప్పారు. నేను చూసేసరికి అతను జనం మధ్యలో నిలబడి ఉన్నాడు.

దళం పెద్దాయన గట్టిగా మాట్లాడలేదు. మామూలుగా అడిగాడు.

"ఈ పిల్లతోని తిరిగినవా?"

"తిరిగిన."

"పెండ్లి జేసుకుంటవా?"

అతను నా వైపు చూడలేదు. కింద పడిన మామిడాకులను చూస్తూ నిలబడ్డాడు.

"చేసుకుంట," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను ఎవరూ అడగలేదు. అన్యాయం జరిగింది నాకే కాబట్టి నాకు ఇష్టమే అనుకున్నారు. బంతిపూల దండలు తెచ్చారు. అతని మెడలో దండ వేశాను. మామిడాకుల నీడలో అతని ముఖం సరిగా కనిపించలేదు. నేను కోరుకున్నదే జరిగింది. కానీ ఆ "చేసుకుంట" అన్న మాట అతనిదా, భయానిదా అన్నది నాకు అర్థం కాలేదు.

పెళ్లయ్యాక కొన్ని రోజులు అతను మా ఇంట్లోనే ఉన్నాడు. అవ్వ పక్కింటి నుంచి స్టీలు కంచం అడిగి తెచ్చి అతనికి అన్నం పెట్టింది. కింద కూర్చుని తినడం అతనికి అలవాటు లేదు, కాళ్లు మార్చి మార్చి కూర్చునేవాడు. ఒక్క మాట అనలేదు. వాడలో పిల్లలు గుంపుగా వచ్చి గుమ్మంలో నిలబడి చూసేవాళ్లు. పటేలు కొడుకు మా ఇంట్లో తింటున్నాడని చూడడానికి ముసలివాళ్లు కూడా వచ్చారు.

అతను ఉన్నంతసేపూ బాపు ఇంట్లోకి రాలేదు. బయట గోడకు ఆనుకుని గొంతుకూర్చునేవాడు.

"మామా, లోపటికి రా. మంచం మీద కూసో," అని అతను పిలిచాడు.

బాపు లేచి నిలబడ్డాడు. "నేను గిక్కడనే మంచిగున్న పటేలా," అన్నాడు.

అతను నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో చదువుకునే ధైర్యం నాకు లేకపోయింది. ఇద్దరమే ఉన్నప్పుడు కూడా మేం బస్సులో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకోలేకపోయాం. "ఇష్టంతోనే అన్నవా?" అని అడగాలని రోజూ అనుకునేదాన్ని. అడిగితే ఏం చెబుతాడో అని ఆగిపోయేదాన్ని. ఇంకా చాలా రోజులున్నాయి కదా, నిదానంగా అడగొచ్చు అనుకున్నాను.

ఒకరోజు తెల్లవారేసరికి వాడ చుట్టూ పోలీసులు ఉన్నారు. కొడుకును నక్సలైట్లు ఎత్తుకుపోయి బలవంతంగా పెళ్లి చేశారని పటేలు ఫిర్యాదు చేశాడు. మేనమామ దొరకలేదు. బాపును, నన్ను, అతన్ని జీపు ఎక్కించారు. సినిమాలో పోలీసు జీపు వచ్చిందంటే చిక్కులన్నీ విడిపోతాయి. ఆ జీపులో కూర్చుని నేను ఆ ఇన్‌స్పెక్టర్‌ను తలుచుకున్నాను. ఈ అధికారి కూడా ఒక్కొక్కరినీ అడిగి నిజం తెలుసుకుంటాడేమో అనిపించింది. అంత చిన్నదాన్ని అప్పుడు.

ఠాణాలో బాపును నేల మీద కూర్చోబెట్టారు. పటేలు జగిత్యాల నుంచి కారులో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అధికారి పటేలు కొడుకును పిలిచి బల్ల ముందు నిలబెట్టాడు.

"నీ ఇష్టంతోని చేసుకున్నవా, బెదిరిచ్చి చేసిండ్రా?"

అదే ప్రశ్న. తోటలో అడిగినదే, వేరే నోటితో. అతను అప్పుడు నిలబడినట్టే నిలబడ్డాడు. తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఇష్టంతోనే అంటే బాపును వదిలేస్తారు. కానీ ఇష్టంతోనే అంటే అన్నలతో అతనికి సంబంధం ఉందని రాస్తారు. ఆ రోజుల్లో అలా రాయించుకున్న కుర్రాళ్లు ఏమయ్యేవారో అందరికీ తెలుసు. బల్ల మీద లాఠీ ఉంది. పక్కన తండ్రి ఉన్నాడు.

"బెదిరిచ్చిండ్రు," అన్నాడు.

నేను అతన్నే చూస్తున్నాను. ఏడవలేదు. తోటలో విన్న గొంతు, ఇప్పుడు విన్న గొంతు ఒక్కలాగే ఉన్నాయి.

పటేలు లేచి కొడుకు భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయాడు. వాళ్లు పక్క నుంచి పోతుంటే నేల మీద ఉన్న బాపు ఒక్కసారిగా లేచి నిలబడి పక్కకు జరిగాడు. పోలీసు ఒకతను తిట్టి మళ్లీ కూర్చోబెట్టాడు. బాపు ఎందుకు లేచాడో బాపుకే తెలియదు. ఒంటికి అట్లా అలవాటు.

సాయంత్రం ఒక ముసలి కానిస్టేబుల్ నన్ను బయటికి పంపాడు. "నువ్వు పో బిడ్డా. గీడ ఉండకు," అన్నాడు. బాపు చాలా రోజుల తర్వాత వచ్చాడు. ఎడమ కాలు ఈడుస్తూ వచ్చాడు. ఆ కాలు మళ్లీ బాగుపడలేదు. కూలికి పోలేక అవ్వ పక్కన కూర్చుని బీడీలు చేయడం నేర్చుకున్నాడు. నా చదువు ఆగిపోయింది. మేనమామ అన్నల్లోకి పోయి తిరిగి రాలేదు. మరుసటి ఏడు ఎదురుకాల్పుల్లో చనిపోయాడన్నారు.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. పసుపు తవ్వే కాలంలో నేను కూలికి పోయిన చేనికి, తోటలో నాకు నీళ్లిచ్చిన అక్క వచ్చింది. కూలివాళ్ల లాగే ముతక చీర కట్టుకుని ఉంది. నా పక్కన వంగి పసుపు కొమ్ములు ఏరుతూ మెల్లగా మాట్లాడింది.

"వాడు అందరి ముంగట ఒప్పుకొని మల్ల మాట తప్పిండు. మీ బాపు కాలు వోయింది. వాన్ని ఏం జెయ్యమంటవో నువ్వు చెప్పు. నీ మాట మీదనే ఉంటది."

నా చేతిలో కొమ్ము కింద పడింది. ఆమె నా మీద ప్రేమతోనే అడిగిందని నాకు తెలుసు. మొదటిసారి ఒకరు నన్ను అడుగుతున్నారు. అడిగింది మాత్రం ఒక మనిషి ప్రాణం. అతను మాట తప్పాడని ఒప్పుకుంటే అతను బతకడు. తప్పలేదంటే నమ్మరు.

"అక్కా, గా పెండ్లి నాకు గూడ ఇష్టం లేకుంటనే అయింది," అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఏందే?"

"నిజమక్కా. మా మామ మాట కాదనలేక కూసున్న. ఇద్దరికి ఇష్టం లేని పెండ్లి గది. ఆయన తప్పింది ఏం లేదు. నన్ను ఇడిసిపెట్టుండ్రి."

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియదు. "సరే," అని లేచి, చేను దాటి పోయింది. అతని జోలికి ఎవరూ పోలేదు. నా మాట ఊళ్లో పాకింది. ఇష్టం లేకుండానే బస్సుల్లో తిరిగిందా అని నవ్వినవాళ్లు నవ్వారు. బాపు కాలు ఉత్తగనే పోయిందా అని అవ్వ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. అవ్వకు కూడా నిజం చెప్పలేకపోయాను. చెబితే ఆ మాట మళ్లీ ఎక్కడికి పోతుందో అని భయం.

ఊళ్లో ఉండలేక సిరిసిల్లలో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి పోయాను. అక్కడ పవర్‌లూమ్ షెడ్లకు నూలు కండెలు చుట్టి ఇచ్చే పని దొరికింది. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడులో మనిషి మాట మనిషికి వినబడదు. నాకు ఆ చప్పుడు హాయిగా ఉండేది. ఎవరూ ఏమీ అడగరు. కొన్నేళ్లకు, అద్దకం పని చేసే మా వాళ్లబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. పెళ్లికి ముందే అతనికి అంతా చెప్పాను. అక్కతో అన్న మాట అబద్ధమని కూడా చెప్పాను. అది విన్న మొదటి మనిషి అతనే. రంగు పట్టిన తన గోళ్లు చూసుకుంటూ కూర్చుని, "సరే. మా అవ్వకు మాత్రం చెప్పకు," అన్నాడు. తర్వాత ప్రైవేటుగా పరీక్షలు రాసి అంగన్‌వాడీలో చేరాను. పిల్లలు పుట్టారు. అన్నలూ పోయారు, పోలీసు క్యాంపులూ ఎత్తేశారు.

ఏడాది కింద ఒక పెళ్లికి జగిత్యాల పోయి, తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో పటేలు చిన్న కొడుకు కనిపించాడు. ముందు అతనే గుర్తుపట్టాడు. జుట్టంతా తెల్లబడింది. కూతుర్ని బస్సు ఎక్కించడానికి వచ్చాడట. బస్సు వెళ్లిపోయింది. నా పక్కన సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు.

"మామ ఎట్లున్నడు?" అని బాపు గురించి అడిగాడు.

"పోయిండు. మొన్నటి వానకాలం."

అతను తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత, "నీకు గూడ ఇష్టం లేకుండెనట. ఇన్న. నిజంగనే అన్నవా?" అన్నాడు.

"అన్న. అనకుంటె నువ్వు ఉండకపోతుంటివి."

అతను తల అటు తిప్పుకున్నాడు. ఆ సంగతి అతనికి ఇన్నేళ్లూ తెలియదని అప్పుడు అర్థమైంది. నేను కూడా తనలాగే ఇష్టం లేక కూర్చున్నానని నమ్మి బతికాడు. ఇక దాచుకోవడానికి ఏమీ లేదనిపించి, ఇన్నేళ్లుగా అడగలేకపోయింది అడిగాను.

"తోటల చేసుకుంట అన్నవ్. ఠాణల బెదిరిచ్చిండ్రు అన్నవ్. ఏది నిజం?"

అతను చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఆలోచించాడు. నన్ను తప్పించుకోవడానికి ఆలోచించలేదు. నిజంగానే వెతికాడు.

"నాకే తెల్వది," అన్నాడు. "మస్తుసార్లు యాది జేసుకున్న. అన్నది యాదికుంది. అనెటప్పుడు నా మనసుల ఏముండెనో ఎంత జేసినా యాదికి అస్తలేదు."

వేములవాడ మీదుగా పోయే సిరిసిల్ల బస్సు వచ్చింది. జనం ఎక్కుతున్నారు. అతను లేచి నా సంచి అందించాడు. పోయొస్తానని చెప్పి ఎక్కాను. కిటికీ దగ్గర సీటు దొరికింది కానీ బయటికి చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన టీవీ చూస్తున్నాడు. ఎవరు కలిశారో చెప్పాను. టీవీ బంద్ చేశాడు.

"ఏమన్నడు?"

"తెల్వదన్నడు."

"గంతేనా?"

"గంతే."

ఇంకేమైనా చెబుతానేమో అని కాసేపు చూశాడు. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, లోపలికి పోయి అన్నం వండడానికి బియ్యం కడిగాను.